బ్లూ లేడీ గారికి, ఉభయకుశలోపరి

మహాలక్ష్మీ సమానురాలైన ప్రయాణికుల ఓడ ఫ్రాన్స్ గారికి, అలియాస్ నార్వే గారికి, అలియాస్ బ్లూ లేడీ గారికి నమస్కరించి రాయునది. మేం ఇక్కడ క్షేమం. మీరు 2008 చివరికల్లా ముక్కలైపోయి, కరిగి కడ్డీలై ఎవరి శ్లాబుల్లోనో ఉండి ఉంటారు కాబట్టి మీ క్షేమం అడగను.

మీ పుట్టుకే వైభవం. 1960 మే 11న ఫ్రాన్స్ దేశపు సాన్ నజేర్‌లో మిమ్మల్ని నీళ్ళలోకి దింపుతుంటే అధ్యక్షుడు డిగాల్ స్వయంగా వచ్చారు. ఆయన సతీమణి షాంపేన్ సీసా కొట్టించి పేరు పెట్టారు. పొడవు 316 మీటర్లు. మీకంటే పొడుగైన ప్రయాణికుల ఓడ 2004 దాకా సముద్రం ఎక్కలేదు. ఒక్క సంగతి మాత్రం ఆ రోజు ఎవరూ మీ చెవిన వేసినట్టు లేరు. అప్పటికే, 1958 అక్టోబరు నుంచీ, జెట్ విమానాలు అట్లాంటిక్ దాటుతున్నాయి. మీరు ఐదు రోజుల్లో చేర్చే న్యూయార్క్‌కి అవి ఎనిమిది గంటల్లో చేర్చేవి. ఊరికి బస్సు వచ్చాక ఎడ్లబండికి వెండి గజ్జెలు చేయించినట్టుంది వ్యవహారం. అయినా పరువుకి టైమ్‌టేబుల్ ఏమిటి? నష్టం వస్తే కట్టుకోవడానికి సర్కారు ఉండనే ఉంది.

1962 డిసెంబరులో మోనాలిసా అమెరికా వెళ్ళాల్సి వస్తే మీ ఫస్ట్ క్లాస్ క్యాబిన్‌లోనే వెళ్ళింది. పెట్టెలో పడుకుని, దారిలో ఒక్క అలైనా చూడకుండా దిగిపోయింది. టిప్పు ఇవ్వకపోయినా మీ స్టీవార్డులు ఏమీ అనుకోని ప్రయాణికురాలు ఆవిడొక్కతే అయి ఉంటుంది.

చలికాలంలో అట్లాంటిక్ మీద గిరాకీ పడిపోతే మిమ్మల్ని విహారయాత్రలకి తిప్పారు. ఎండ కోసం డబ్బు పోసి వచ్చిన జనానికి మీరు చూపించింది రెండు ఈతకొలనులు. ఒకటి ఓడ కడుపులో, ఇంకోటి తెరుచుకోని అద్దాల గుమ్మటం కింద! 1972లో ఏకంగా ప్రపంచ యాత్ర పెట్టుకున్నారు. పనామా కాలువ లాకుల పొడవు 305 మీటర్లు, మీది 316. ఇంకేముంది, దక్షిణ అమెరికా కొస దాకా పోయి కేప్ హార్న్ చుట్టి రావాల్సి వచ్చింది. పదకొండు మీటర్ల పరువు కోసం ఎన్ని వేల మైళ్ళ చమురు తగలబెట్టారో!

ఆ చమురే చివరికి కొంప ముంచింది. 1973లో ధరలు మొదలెట్టిన పరుగుకి మరుసటేడు కొత్త అధ్యక్షుడు జిస్కార్ దెస్తేన్ ప్రభుత్వం సబ్సిడీ ఆపేసింది. సెప్టెంబరులో మీ సిబ్బందే మిమ్మల్ని చేతుల్లోకి తీసుకుని ల హావ్ర్ రేవు దారిలో అడ్డంగా లంగరేశారు. రాస్తారోకో మా సొంత కళ అనుకునేవాళ్ళం. దాన్ని నీళ్ళ మీద చేసి చూపించిన ఘనత మీవాళ్ళదే. లాభం లేకపోయింది. దాదాపు ఐదేళ్ళు ఆ ఊళ్ళోనే ఓ మూల కట్టి పడేశారు.

1979లో నార్వే షిప్పింగ్ వ్యాపారి క్నుట్ క్లోస్టర్ 1.8 కోట్ల డాలర్లకి మిమ్మల్ని కొన్నాడు. నాలుగు ప్రొపెల్లర్లలో రెండు పీకించాడు, ముందు ఇంజన్ గదిని ఆపేయించాడు, నల్లటి ఒంటికి నీలం రంగు వేయించాడు, పేరు నార్వే అని మార్చాడు. మయామీలో బయల్దేరి, కరేబియన్‌లో వారం తిరిగి, మళ్ళీ మయామీకే రావడం మీ కొత్త ఉద్యోగం. దీవుల దగ్గర లోతు చాలదని రెండు పెద్ద పడవల్ని ముందు డెక్ మీద మోసుకు తిరిగారు, జనాన్ని ఒడ్డుకి చేర్చడానికి. ఫ్రాన్స్ వాళ్ళకి ఇది చిన్నతనంగా అనిపించిందేమో. నన్నడిగితే మీరు సొంత సంపాదన తిని బతికింది ఈ ఇరవై ఏళ్ళే.

2003 మే 25న మయామీ రేవులో మీ బాయిలర్ పేలి ఎనిమిది మంది సిబ్బంది చనిపోయారు. దీని మీద నాకు వెటకారం రాదు. పగుళ్ళు ముందే ఉన్నాయని, నిర్వహణ, తనిఖీ సరిగ్గా లేవని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది.

ఆ తర్వాత 2005లో జర్మనీ నుంచి టగ్ కట్టి ఆసియాకి లాక్కొచ్చారు. ప్రమాదకరమైన చెత్తని పేద దేశాల మీదకి తోలకూడదని బాసెల్ ఒప్పందం ఉంది. అయితే మళ్ళీ తిప్పుతామని చెప్పి తీసుకెళ్ళే ఓడ చెత్త కాదుగా! 2006 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ మిమ్మల్ని రానివ్వనంది. సరిగ్గా అదే నెలలో, ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ గొడవ ముదిరి, ఫ్రాన్స్ తన పాత యుద్ధనౌక క్లెమెన్సోని, గుజరాత్ తీరంలో పాత ఓడలు కోసే అలంగ్ దారిలోంచి వెనక్కి పిలిపించుకుంది. మిమ్మల్ని పిలిచే దిక్కు లేదు. ఒంటి మీద ఆ జెండా లేదు, పేరు లేదు, డిగాల్ ఎప్పుడో పోయారు.

అలా మా ఇంటికొచ్చారు. ఆగస్టు 15న, మేం జెండా వందనం చేసి చాక్లెట్లు పంచుకుంటున్న రోజున, పోటు చూసి మిమ్మల్ని అలంగ్ బురదలోకి ఎక్కించారు. మీ లోపల వెయ్యి టన్నులకు పైగా ఆస్‌బెస్టాస్ సామగ్రి ఉందని అంచనా. పక్క ఊరు సోసియా సర్పంచ్, చుట్టుపక్కల గ్రామాల తరఫున, మాకొద్దు మొర్రో అని సుప్రీంకోర్టుకెక్కాడు. 2007 సెప్టెంబరు 11న కోర్టు కోసుకోమంది. 41,000 టన్నుల ఉక్కు వస్తుంది, 700 మందికి పని దొరుకుతుంది అని లెక్క చెప్పింది. ఉక్కు వచ్చింది, పనీ దొరికింది. యూపీ, బీహార్, ఒడిశాల నుంచి వచ్చే కుర్రాళ్ళు గ్యాస్ కట్టర్ పట్టుకుని ఓడలు కోసే చోటు అది. మోనాలిసా ప్రయాణించిన ఓడ ఇదని వాళ్ళకి ఎవరైనా చెప్పారో లేదో!

మీ ముక్కు కొసని మాత్రం పదిలంగా కోయించి పారిస్ తీసుకెళ్ళారు. 2009లో వేలం వేస్తే రెండు లక్షల యూరోల పైన పలికింది. ఆస్‌బెస్టాస్‌కి కూడా ఒక పాట పెట్టి ఉంటే బాగుండేది. మీ మీద అభిమానం ఎన్ని టన్నుల దాకా ఉందో అక్కడే తేలిపోయేది.

ఇట్లు,
మీ ఆఖరి రేవు దేశం నుంచి,
మీ టికెట్ ఏ కాలంలోనూ కొనలేని ఒక అభిమాని