ఫిబ్రవరిలో కొలిచి మే ఎండల మీద థీసిస్ రాయొద్దు

వరంగల్ ఇళ్లల్లో వేడి మీద ఆర్కిటెక్చర్ థీసిస్‌లు వస్తూనే ఉంటాయి. గిర్మాజీపేటలో ఒక రేకుల ఇంట్లో మే నెల అర్ధరాత్రి ఎంత ఉడుకుతుందో చెప్పమంటే మాత్రం పేజీలు తిప్పాల్సిందే. చివరి సెమిస్టర్ జనవరిలో మొదలైతే కొలతలు ఫిబ్రవరిలో పడతాయి. మిగతాదంతా ఇంటి వేడిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పని. రంగురంగుల బొమ్మలొస్తాయి, జ్యూరీ తల ఊపుతుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో వేసే వెదర్ ఫైల్, అంటే ఒక ఊరి ఏడాది పొడుగు వాతావరణ లెక్క, చాలాసార్లు హైదరాబాద్‌దే. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంటే, వరంగల్ ఇంచుమించు అందులో సగం. ఆ ఎత్తు తేడాకే ఒకటిన్నర డిగ్రీ లెక్క తప్పుతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే గోడల లిస్టులో రెండడుగుల మట్టిగోడ కనపడదు కాబట్టి ఎర్ర ఇటుక నొక్కేస్తారు. గూనపెంకుల సందుల్లోంచి గాలి ఎంత ఆడుతుందో ఆ సాఫ్ట్‌వేర్‌కేం తెలుసు? కిటికీలు బిగించిన ఆఫీసు గదికి పెట్టిన అంకెనే పెంకుటింటికీ పెడతారు.

అసలు దెబ్బ కొలిచే వేళల దగ్గర. పొద్దున పదికి వెళ్లి సాయంత్రం ఐదుకి సర్దుకుంటే రేకుల ఇల్లు నరకం, స్లాబ్ ఇల్లు మేలు అని తేలుతుంది. రేకు పలుచన, పొద్దుగూకాక గంటా రెండు గంటల్లో చల్లారుతుంది. స్లాబ్ పగలంతా తాగిన ఎండను రాత్రి మంచం మీదికి వదులుతుంది. రాత్రి పదకొండుకి చూస్తే ఫలితం తిరగబడొచ్చు. మనుషులు పడుకునేది అప్పుడే కదా!

కొలిచే పద్ధతికి పెద్ద ఖర్చేం లేదు. ఉష్ణోగ్రతను వాటంతటవే రాసుకునే చిన్న పరికరాలు, లాగర్లు, చాలు. ఇళ్లకు పంపేముందు వాటన్నిటినీ ఒకే డబ్బాలో 24 గంటలు పెట్టండి. మిగతావాటితో అర డిగ్రీకి మించి తేడా చూపేదాన్ని పక్కన పడేయండి. అర్ర మధ్యలో, నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తున, దూలానికి పురికొసతో వేలాడదీయండి. గోడకు అంటిస్తే గోడ వేడే వస్తుంది. ఫ్రిజ్ మీద పెట్టిన లాగర్‌తో రాసిన అధ్యాయాలూ ఉన్నాయి, ఏం చేస్తాం. బయట పెట్టేదానికి నీడా కావాలి, గాలీ ఆడాలి.

రేకు కింద గాలి ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు, నెత్తిమీది రేకే సెగ కొడుతుంది. ఆ సెగను పట్టడానికి 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతికి చిల్లు పెట్టి, సెన్సర్ కొన సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా దూర్చి, ఎం-సీల్‌తో మూసి, మెరుపు లేని నల్ల రంగు వేయండి. బంతి చిన్నది కాబట్టి ఫ్యాన్ గాలికి తొందరగా చల్లబడుతుంది. అందుకే పక్కనే గాలి వేగం కూడా కొలవాలి, లేకపోతే సెగ లెక్క తేలదు. పిల్లలున్న ఇంట్లో బంతి మూడో రోజుకి వాకిట్లో దొర్లుతుంది, ఇంకోటి జేబులో ఉంచుకోండి.

పది నిమిషాలకొక రీడింగ్, మే నెలలో కనీసం రెండు వారాలు. ఇంటివాళ్లు మంచాలు డాబా మీదికి మారిస్తే ఒక లాగర్ అక్కడికీ ఎక్కాలి. తేమ కూడా రాయాలి, ఇక్కడ కూలర్ లేని ఇల్లు అరుదు. కూలర్ ఎప్పుడు వేశారు, కరెంటు ఎప్పుడు పోయింది, గోడకున్న క్యాలెండర్ మీదే టిక్కు పెట్టమని ఇంటావిడను అడగండి. ఆ కాగితం లేకపోతే గ్రాఫ్‌లో ఒక రాత్రి మూడు డిగ్రీల గుంట కనపడినప్పుడు, అది కూలర్ పనో గాలివాన పనో గైడ్ కూడా చెప్పలేడు.