హెలికాప్టర్ల నడుమ ఎడానికి ఒక విన్నపం

శ్రీ ఎడం గారికి,

ఉభయకుశలోపరి. పక్కపక్కన దిగే రెండు హెలికాప్టర్ల క్షేమం మీ చేతుల్లోనే ఉంది కనుక, ఈ మాట మర్యాద కోసం రాసినది కాదు.

గుంపుగా ఎగిరేటప్పుడు మిమ్మల్ని మీటర్లలో కాక రోటర్ (పైన తిరిగే రెక్కల) వ్యాసాల్లో కొలవడం సైన్యంలో ఆనవాయితీ. యంత్రం ఎంత పెద్దదైతే మీ హోదా అంత పెద్దదన్నమాట. వియత్నాంలో అమెరికన్లు సైనికులను దించడానికి నడిపిన హ్యూయీ హెలికాప్టర్ రోటర్ వ్యాసం 48 అడుగులు. అలాంటివి ఒకేసారి ఎన్ని దిగాలో నిర్ణయించేది మీరు. ఎందరు సైనికులు దిగాలో తామే నిర్ణయిస్తున్నామని అనుకునేది సేనానులు.

1965 నవంబర్ 14న వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయలో ఆ భ్రమ తొలగింది. అమెరికన్ సేనాని హాల్ మూర్ బెటాలియన్‌లో దాదాపు 450 మంది ఉన్నారు, వారిని చేరవేయడానికి 16 హ్యూయీలు ఉన్నాయి. కానీ ఎక్స్-రే అని పేరు పెట్టిన ఆ గడ్డి మైదానంలో తమరి అనుమతితో ఒక్కసారికి దిగగలిగినవి 8 మాత్రమే. వారు బయలుదేరిన ప్లే మే నుంచి ఒక్కో రాకపోకకు సుమారు అరగంట పట్టేది. బెటాలియన్ మొత్తం నేల మీదికి చేరకముందే పోరు మొదలైంది. ఎదుటి పక్షానికి మీ నియమావళి అందలేదు కాబోలు, అందరూ వచ్చేదాకా వారు ఆగలేదు. కాల్పులు ముదిరాక, దిగబోతున్న హెలికాప్టర్లను మూర్ వెనక్కి పంపవలసి వచ్చింది. తర్వాత చెట్లు పేల్చి చదును చేసిన మూలలో రెండేసి చొప్పున మాత్రమే దిగాయి.

మిమ్మల్ని ఇరుకున పెట్టినా అంతే సంగతులు. 1980 ఏప్రిల్‌లో ఇరాన్ ఎడారిలో, అక్కడి అమెరికన్ బందీలను విడిపించే ప్రయత్నం అప్పటికే రద్దయ్యాక, పక్కకు జరగబోయిన ఒక హెలికాప్టర్ తాను లేపిన దుమ్ములో దారి కానక, ఇంధనం తెచ్చిన సి-130 విమానాన్ని ఢీకొంది. 8 మంది మరణించారు. పథకం కాగితంలో మీరు తప్పకుండా ఉండే ఉంటారు. దుమ్ములో మాత్రం ఎవరికీ కనబడలేదు.

కనుక నా విన్నపం ఇది. ఒక మైదానంలో ఎన్ని దిగగలవో రాసే గడి పక్కనే, వెళ్లిన హెలికాప్టర్లు తిరిగి వచ్చేదాకా మొదట దిగినవారు ఎన్ని నిమిషాలు ఒంటరిగా నిలవాలో కూడా ఆదేశపత్రంలో రాయించండి. ఆ అంకె కింద సంతకం పెట్టేవారి కలం కాస్త ఆగుతుందేమో చూద్దాం.

ఇట్లు,
నేల మీది నుంచి తలెత్తి చూసే ఒక పౌరుడు