ఖద్దరు లేని జెండా పండుగ

ఆగస్టు వచ్చిందంటే చాలు, ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర, కిరాణా కొట్ల ముందర మూడు రంగులు వేలాడతాయి. ముట్టుకుంటే జారిపోయే పాలిస్టర్. చవక, తడిసినా ఇట్టే ఆరిపోతుంది. చట్టం కూడా కాదనదు. 2021 డిసెంబరు 30న కేంద్రం జెండా నియమావళిని సవరించి పాలిస్టర్‌ను, యంత్రాల మీద తయారైన జెండాలను అనుమతించింది. మరుసటి ఏడాదే ‘హర్ ఘర్ తిరంగా’ మొదలైంది. ఇంటింటా జెండా ఎగరాలన్న కోరికను మేము తప్పుపట్టం. ఆ గుడ్డ ఎవరి చేతి నుంచి వచ్చిందో అడిగే నాథుడు లేకపోవడమే మా అభ్యంతరం.

ఈ జెండాకూ రాట్నానికీ ఉన్న బంధం ఈనాటిది కాదు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలకు వచ్చిన గాంధీజీకి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనా అందించారు. తెలుపు, రాట్నం చేరి అది ఉద్యమ పతాకమైంది. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు అశోక చక్రాన్ని ఎంచుకుంది. బొమ్మ మారినా బట్ట మారలేదు. ఆ రోజు నెహ్రూ సభకు చూపించిన రెండు జెండాల్లో ఒకటి పట్టు, రెండోది ఖాదీ నూలు.

మూడు వారాలు తిరిగాక దేశంలో చాలాచోట్ల ఆ జెండా ఎగిరింది, నిజాం ఏలుబడిలో మాత్రం కాదు. అక్కడ దాన్ని పట్టుకుంటే జైలే. ఆగస్టు 15నే హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. తెలంగాణ పల్లెల్లో నిర్భయంగా జెండా ఎత్తడానికి మరో ఏడాది పైగా, 1948 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

స్వతంత్ర భారతంలో తొలి ప్రమాణంగా 1951లో ఐఎస్ 1 (ఇండియన్ స్టాండర్డ్ 1) పేరిట నిర్దేశించింది జాతీయ పతాకాన్నే. నూలు, నేత, రంగు, కుట్టు, అన్నింటికీ అందులో లెక్కలున్నాయి. ఆ లెక్కకు తూగే ఖాదీ జెండాలు కుట్టడంలో పేరుపడ్డది కర్ణాటకలో హుబ్బళ్లి దగ్గరి బెంగేరి కేంద్రం. వడికేవాళ్లలోనూ కుట్టేవాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. నియమావళి మారగానే పెద్ద దెబ్బ తగిలింది వాళ్లకే. మన పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, వెంట్రుకంత సన్నని నూలు తీసే ఆడవాళ్లున్నారు. అంత పనితనానికి దక్కే కూలి ఎంతో ఎవరినీ అడగనక్కర్లేదు, వాళ్ల పిల్లలు ఆ పనిలోకి ఎందుకు రావడం లేదో చూస్తే చాలు.

జనం పాలిస్టర్ కొంటే కొననివ్వండి. ప్రభుత్వాలకు మాత్రం ఆ వెసులుబాటు అక్కర్లేదు. బడులు, పంచాయతీలు, కలెక్టరేట్లు, పోలీసు స్టేషన్లు ఎగరేసే ప్రతి జెండా ఖాదీదే కావాలని రెండు తెలుగు రాష్ట్రాలూ చెరో ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆర్డర్లు ఆగస్టు మొదటి వారంలో హడావిడిగా కాకుండా సంక్రాంతి నాటికే ఖాదీ సంఘాలకు అందాలి, సగం సొమ్ము ముందే చెల్లించాలి. ఆ నూలు వడకడానికి నెలలు పడుతుంది.