మన సంఘానికి ఒక మగ్గం కావాలి

మన తెలుగు సంఘం సీనియర్ల కోసం ఏటా పెట్టే కార్యక్రమాలు ఒకసారి గుర్తు చేసుకోండి. మెడికేర్ సెమినార్, వీలునామా సెమినార్, యోగా, భజన, గుడికి బస్సు యాత్ర. వీటిలో ఏదీ తీసెయ్యమనను, అన్నీ అవసరమే. అయితే చాలావాటిలో మనం కుర్చీలో కూర్చుని వింటాం, లేకపోతే చూస్తాం. ముప్ఫై నలభై ఏళ్ళు ఆఫీసులోనో ఆసుపత్రిలోనో ఇంట్లోనో తీరిక లేకుండా పనిచేసిన మనిషికి రిటైరైన మర్నాటి నుంచి చేతులు ఖాళీ. పిల్లలు దూరంగా ఉంటారు, మనవలు స్కూలుకి పోతారు, మినెసోటాలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బయట మంచు. కాసేపు ఫోను, కాసేపు టీవీ, మళ్ళీ ఫోను. ఈ ఖాళీ గురించి మన సభల్లో ఎవరూ మాట్లాడరు.

నేను అడుగుతున్నది ఇది: ఈ ఏడాది సీనియర్ల బడ్జెట్‌లో కొంత పక్కన పెట్టి మన సంఘం ఒక మగ్గం కొనాలి. ఇక్కడివాళ్ళు వాడే ఫ్లోర్ లూమ్, బల్ల మీద కూర్చుని కాళ్ళతో పలకలు తొక్కుతూ నేసేది. దాని మీద మన ఇళ్ళలో పేరుకుపోయిన పాత చీరలు, దుప్పట్లు, పంచెలు పేలికలుగా చింపి పట్టాలు, అంటే నేల మీద పరుచుకునే రగ్గులు, నేద్దాం. రిటైరైనప్పటి నుంచీ నేను చేస్తున్న పని ఇదే. దీని వల్ల నాకు దొరికింది మన వాళ్ళందరికీ దొరకాలన్నదే నా ఆశ.

ఈ పని మినెసోటాకి కొత్త కాదు. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌ల నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్న కుటుంబాలు, గనుల్లో పనిచేసిన కుటుంబాలు పేలికల పట్టాల అలవాటుని వెంట తెచ్చుకున్నాయి. స్వీడన్‌లో కూడా ఇది మరీ పాతదేం కాదు. బట్ట ఖరీదుగా ఉన్న కాలంలో చిరుగు గుడ్డల్ని కాగితం మిల్లులకి అమ్ముకునేవారు. మిల్లు బట్ట చవకయ్యాక, పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, అవే గుడ్డలు పట్టాలుగా మారి మామూలు ఇళ్ళలోకి వచ్చాయి. ఫిన్లాండ్‌లో ఇప్పటికీ వేసవి రాగానే జనం పట్టాలు చుట్టుకుని నీటి ఒడ్డుకి వెళ్తారు. అందుకోసమే కట్టిన బల్లల మీద పరిచి, పైన్ సబ్బు రాసి బ్రష్షుతో తోముతారు. మన చాకిరేవు చూసి పెరిగినవాళ్ళకి అది సొంత ఊరిలాగే అనిపిస్తుంది.

అమెరికాలో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో న్యూకాంబ్ కంపెనీ, న్యూయార్క్ రాష్ట్రం బూన్‌విల్‌లో యూనియన్ లూమ్ వర్క్స్ ఇరవయ్యో శతాబ్దంలో ఇలాంటి పట్టాలు నేసుకునేవాళ్ళ కోసం మగ్గాలు తయారుచేసి అమ్మాయి. అలాంటి పాత మగ్గాలు ఇప్పటికీ పల్లెటూళ్ళ బేస్‌మెంట్లలో, కొట్టాల్లో కనబడతాయి. నేసే అమ్మమ్మ పోయాక, పట్టుకెళ్ళే మనిషి దొరికితే చాలనుకునే మనవలు ఉన్నారు. మినియాపొలిస్‌లో వీవర్స్ గిల్డ్ ఆఫ్ మినెసోటా అనే నేతగాళ్ళ సంఘం 1940 నుంచి నడుస్తోంది. నేర్చుకోవాలనుకునేవాళ్ళు వేరే రాష్ట్రం పోనక్కర్లేదు.

ఇక మన బీరువాల సంగతి. ఏ తెలుగింటి క్లోజెట్ తెరిచినా చీరల దొంతరలే. గృహప్రవేశాల్లో, పెళ్ళిళ్ళలో వచ్చిన పెట్టుబడి చీరలు కొన్ని, ఇరవై ఏళ్ళు కట్టి మెత్తబడినవి కొన్ని, పెట్టిన మనిషి మీద గౌరవంతో దాచుకున్నవి కొన్ని. తీసెయ్యాలంటే ప్రాణం ఒప్పదు. చివరికి ఇల్లు మారేటప్పుడు టెన్షన్‌లో సంచుల్లో కుక్కి దానం డబ్బాలో పడేస్తాం. ఈ దేశ పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2018 ఒక్క ఏడాదిలో ఇక్కడ కోటీ 13 లక్షల టన్నుల బట్ట చెత్తతో పాటు భూమిలో పూడ్చిపెట్టారు. నేతగాడి చేతి మీదుగా వచ్చిన వెంకటగిరి చీర అందులో కలవడం నాకు ఇష్టం లేదు.

పట్టాకి అన్నిటికంటే బాగా పనికొచ్చేది కట్టి కట్టి నలిగిన నూలు చీర. పొడవు ఐదున్నర మీటర్లు, పన్నా 46 అంగుళాలు అనుకుందాం. దుప్పటి గుడ్డయితే ఒకటిన్నర అంగుళాల పేలిక చాలు. చీర పల్చన కాబట్టి రెండున్నర అంగుళాలు తియ్యాలి. ఒక చీరకి 18 పేలికలు వస్తాయి, కలిపితే దాదాపు వంద మీటర్లు. 30 అంగుళాల వెడల్పు పట్టాలో అది రెండడుగుల నేతకి సరిపోతుంది. అంటే నాలుగడుగుల పట్టాకి రెండు చీరలు. కొస దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే నూలు చీర దారం వెంబడే తిన్నగా చివరిదాకా చిరుగుతుంది. పాలియెస్టర్ జార్జెట్లు అలా చిరగవు, ఓపిగ్గా కోసుకోవాలి. పైగా నేశాక కూడా కాలికింద జారతాయి. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో వాటిని నేల మీద వెయ్యకపోవడమే మంచిది. మడతల దగ్గర చీలిపోయిన పట్టుచీరలతో గోడకి వేలాడదీసుకునేవి, సోఫా మీద పరుచుకునేవి నెయ్యొచ్చు.

అసలు కష్టం నేతలో లేదు, పడుగులో, అంటే మగ్గం మీద నిలువుగా బిగించే దారాల్లో ఉంది. ఇక్కడ దీనికి 8/4 అనే గట్టి కాటన్ దారం వాడతారు. అంగుళానికి 12 పోగుల చొప్పున 30 అంగుళాలకి 360 పోగులు. అన్నీ ఒకే పొడవున, వరస తప్పకుండా చట్రం మీద పోసుకోవాలి. తర్వాత ఒక్కొక్క పోగునీ కన్నున్న తీగలోంచి, ఆపైన దువ్వెనలాంటి అచ్చు పళ్ళ సందులోంచి దూర్చాలి. ఒక్క పోగు వరస తప్పితే నేత మొదలెట్టగానే కనబడుతుంది, వెనక్కి వెళ్ళి సరిచెయ్యాలి. పడుగుని మగ్గం వెనక దూలానికి చుట్టడం మాత్రం ఒక్కరి వల్ల సరిగ్గా అయ్యే పని కాదు. ఒకరు దారాల్ని సమానంగా బిగపట్టుకుని నిలబడాలి, ఇంకొకరు తిప్పుతూ పొర పొరకీ మధ్య కాగితమో సన్నపు బద్దలో పెట్టుకుంటూ పోవాలి. మన నేత ఊళ్ళలో తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు పరిచి గంజి పెట్టి కుంచెలతో దువ్వేటప్పుడు ఇంటిల్లిపాదీ, ఇరుగూ పొరుగూ అందుకే చెయ్యేస్తారు. మగ్గం ఇంట్లో ఎవరికి వారు కొనుక్కోకుండా సంఘం కొనాలని నేను పట్టుబట్టడానికి కారణం కూడా ఇదే. ఈ పనికి రెండో మనిషి తప్పనిసరి. భర్త పోయాకో, భార్య పోయాకో ఒంటరిగా ఉంటున్న మన వాళ్ళకి ‘రండి, కాఫీ తాగుదాం’ అంటే మొహమాటపడతారు. ‘పడుగు చుట్టాలి, ఒక చెయ్యి తక్కువైంది’ అంటే వస్తారు.

పడుగు ఎక్కాక నేత సుఖంగా సాగుతుంది. ఒక పలక తొక్కితే పోగులు విచ్చుకుంటాయి, పేలిక చుట్టిన నాడె ఆ సందులోంచి అవతలికి పంపుతాం, అచ్చుతో గట్టిగా కొడతాం. తర్వాత రెండో పలక. పేలికని బిగించి లాగితే పట్టా అంచులు లోపలికి ముడుచుకుపోతాయి, కాబట్టి కొంచెం వంపుగా వదిలి కొట్టాలి. రెండు చివర్లా పళ్ళున్న కర్రని అడ్డంగా గుచ్చి పెట్టుకుంటే వెడల్పు నిలబడుతుంది. పువ్వుల చీర పట్టాలోకి వచ్చేసరికి పువ్వులు ఉండవు, రంగు చుక్కలు మిగులుతాయి. కొంగు పేలిక వచ్చిన చోట హఠాత్తుగా ముదురు చార పడుతుంది. ‘ఇది మా తోటికోడలు పెట్టిన చీర’ అని చీర ఇచ్చిన మనిషి అక్కడ వేలు పెట్టి చూపిస్తుంది.

గిల్డులో నా పక్క మగ్గం మీద నేసే ఆవిడ ఫిన్లాండ్ నుంచి వచ్చిన రైతుల మనవరాలు. వాళ్ళాయన పాత ఫ్లానెల్ చొక్కాలతో నేస్తుంది. నా పేలికలు పట్టుకుని చూసి ఇంత సన్నని నూలు చేత్తో ఎవరు నేశారని అడిగింది. ఆ రోజు వెంకటగిరి గురించి, మంగళగిరి గురించి, మా అమ్మ గురించి చెప్పాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఇక్కడి పెద్దవాళ్ళతో నేను మాట్లాడినదంతా వాతావరణం గురించే. మగ్గాల దగ్గర అలా ఉండదు. పనిలో ఉన్న చేతుల్ని చూస్తూ మాట్లాడుకుంటాం కాబట్టి మాటలు వాటంతటవే వస్తాయి.

ఇక అభ్యంతరాలు. మొదటిది తెనాలి నుంచి మా పెద్దమ్మ ఫోనులో చెప్పింది: ‘చీరని కాళ్ళ కింద వేసి తొక్కుతారటే ఎక్కడైనా?’ పెద్దమ్మ మాట తీసిపారేసేది కాదు. మన ఇళ్ళలో చీర అంటే ఆ మనిషే. కానీ మన ఇళ్ళలోనే పాత చీర ఏమయ్యేదో చూడండి. మెత్తబడిన చీరలు నాలుగు పొరలేసి కుడితే బొంత. దూలానికి కడితే పసిపిల్ల ఉయ్యాల. ఇంకా నలిగితే పొత్తిగుడ్డలు, ఆ తర్వాత పొయ్యి దగ్గర మసిగుడ్డ, ఆఖరికి గడప దగ్గర కాళ్ళు తుడుచుకునే గుడ్డ. ఎవరూ దాన్ని అవమానం అనుకోలేదు. చివరి పోగు దాకా వాడుకోవడమే ఆ బట్టకి ఇచ్చే గౌరవం అనుకున్నారు. నేనైతే మా అమ్మ మంగళగిరి చీరని పూజ దగ్గర కూర్చునే ఆసనంగా నేశాను, కాళ్ళ కింద వెయ్యలేదు. మనసు ఒప్పని చీరని ఎవరూ చింపనక్కర్లేదు. దుప్పట్లతో మొదలెట్టండి.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ‘నేత వాళ్ళ కులవృత్తి కదా, చదువుకున్న మనకెందుకు’ అని మన సమావేశంలోనే ఒకరు అన్నారు. మన మధ్య పద్మశాలి, దేవాంగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ తాతముత్తాతలు తెల్లవార్లూ గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేసి పిల్లల్ని చదివించారు. ఆ మాట వాళ్ళ ముందు అనగలిగామంటే, ఆ పనిలో ఎంత తెలివి ఉందో మనకి తెలియకపోవడం వల్లే. 360 పోగులు దూర్చి చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

ఒక సంగతి మాత్రం మరిచిపోకూడదు. మనం కాలక్షేపానికి నేస్తాం, నడుము నొప్పిగా ఉంటే లేచిపోతాం. బతుకుతెరువుగా నేసేవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. పోచంపల్లి చీరలకి ఆసు పోసీ పోసీ (నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పడం) భుజం నొప్పితో బాధపడుతున్న తల్లి లక్ష్మిని చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఒక చీరకి ఆ తల్లి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాల్సి వచ్చేది. మగ్గం ముందు ఒక పూట కూర్చుంటే ఆ లెక్క భుజానికే అర్థమవుతుంది. ఆ తర్వాత ఇండియా వెళ్ళినప్పుడు చేనేత కొట్టులో ధర తగ్గించమని అడగడానికి నాకు నోరు రాలేదు. అందుకే రెండో ప్రతిపాదన కూడా పెడుతున్నాను. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఉగాదికి, వ్రతాలకి నేల మీద పరిచే ప్లాస్టిక్ చాపలు మానేసి, కొత్తవాడ జంపఖానాలు అడిగిన ధరకి తెప్పిద్దాం. మనం నేసే పట్టాలు మాత్రం అమ్మొద్దు. ఇంట్లో వాడుకుందాం, పెళ్ళిళ్ళకి పెడదాం, ఇక్కడి వృద్ధాశ్రమాలకి ఇద్దాం.

ఒంటి సంగతి దాచను. పట్టా నేత బరువు పని. గట్టిగా కొట్టాలి, కూర్చునే బల్ల ఎత్తు సరిగ్గా లేకపోతే నడుము పట్టేస్తుంది, పలకలకి తాళ్ళు కట్టేటప్పుడు మగ్గం కిందికి వంగాలి. మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు ఆ పని వేరొకరికి వదిలెయ్యండి. అయినా నేత ఒక్కటే పని అనుకోవద్దు. చింపడం, పేలికలు అతకడం, ఉండలు చుట్టడం, రంగుల వరస చూడటం, చివర్న కుచ్చులు ముడెయ్యడం, ఇవన్నీ కుర్చీలో కూర్చుని చెయ్యొచ్చు. ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చి పగలంతా కిటికీ దగ్గర గడిపే అమ్మానాన్నలు వీటికి సరిగ్గా సరిపోతారు. ఇంజనీర్లుగా రిటైరైన మగవాళ్ళని మగ్గం బిగించే పనికి పిలవండి, తర్వాత వాళ్ళే లేవరు.

ఖర్చు విషయానికి వస్తే, కొత్త మగ్గం కొన్ని వేల డాలర్లు. వాడిన పాత మగ్గం వెతుక్కుంటే కొన్ని వందల్లోనే దొరుకుతుంది. రెండు పలకల పాత పట్టా మగ్గం మనకి చాలు. మన భవనంలో వెనకవైపు గది పండగ సామాన్లతో నిండి ఉంది. వాటిని అరల్లో సర్దితే మగ్గానికీ నలుగురు కూర్చోవడానికీ చోటు వస్తుంది. నేర్పడానికి నేనున్నాను, నాకు తెలియనిది చెప్పడానికి గిల్డు వాళ్ళున్నారు.

వచ్చే బోర్డు సమావేశంలో ఈ విషయం పెడుతున్నాను. సమ్మతించేవాళ్ళు వచ్చి చెయ్యెత్తండి. చీరలు ఇవ్వదలచినవాళ్ళు ఫాల్ విప్పి, జరీ అంచు ఉంటే కోసేసి, ఉతికి ఆరబెట్టి తీసుకురండి. రంగు దిగే చీరల్ని వేరే సంచిలో పెట్టండి.