గంటలతో పాటు స్టార్టులూ లెక్కపెట్టాలి

జర్నల్ బేరింగు, అంటే తిరిగే షాఫ్టును మోసే గుండ్రని బుష్షు, ఎప్పటికి అరుగుతుందో అరుగుదలను లెక్కించే ఆర్చర్డ్ సూత్రంతో, నడిచిన గంటలను బట్టి చెప్పవచ్చని నేను చదివిన ఒక వ్యాసం, తాము చేసిన పరీక్షను చూపి, అంటోంది. 1953 నాటి ఆ సూత్రాన్ని నేను కాదనను. బరువు, జారిన దూరం పెరిగితే అరుగుదల పెరుగుతుంది, లోహం గట్టిదైతే తగ్గుతుంది. అయితే అది లోహం లోహాన్ని తాకినప్పటి మాట. వేగం అందుకున్న షాఫ్టు నూనె పొర మీద తేలుతుంది; ఆ పొర ఏర్పడని స్టార్టు సమయంలోనూ, ఆగేటప్పుడూ లోహం లోహాన్ని తాకుతుంది. 1883లో టవర్ అనే ఇంజనీరు చేసిన ప్రయోగంలో బేరింగు రంధ్రానికి బిగించిన చెక్క బిరడాను ఆ నూనె ఒత్తిడే బయటికి తోసేసింది కదా!

పర్లాకిమిడిలో మా మామయ్యగారి బియ్యం మిల్లులో పాత డీజిల్ ఇంజను ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా వేయడం, రాగానే ఆపడం. వానాకాలంలో రోజుకు ఐదారుసార్లు. నడిచిన గంటలు తక్కువే, తెల్ల లోహపు బుష్షు మాత్రం తొందరగా పోయింది. మా ఒడియా మెకానిక్ సన్నని సీసం తీగను షాఫ్టుకూ బుష్షుకూ మధ్య పెట్టి బిగించి, అది ఎంత నలిగిందో కొలిచి సందు చెప్పేవాడు. బెల్టు లాగే వైపే ఎక్కువ అరిగేది. పైగా ఊక దుమ్ము! అందులోని సిలికా నూనెలో కలిస్తే ఆకురాయి పెట్టినట్టే.

వ్యాసంలోని పరీక్షలో యంత్రాన్ని ఎన్నిసార్లు ఆపి మళ్లీ నడిపారు? నూనెను వడగట్టారా? ఈ రెండూ చెబితే ఆ లెక్కను మా మిల్లుకు సరిచూసుకుంటాను.