పరీక్షల కాలంలో ఇంటికి కబురు ఎప్పుడు చేరుతోంది?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఉన్నత పాఠశాలకు వెళ్లే పిల్లలున్న ఇళ్లకు ఏడాది మొత్తంలో నవంబరు నుంచి మార్చి దాకా నడిచే కాలమే బరువైనది. ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాను సెలవులు, సమ్మెటివ్ పరీక్షలు, పదో తరగతి ఫీజు గడువు, ఆటల పోటీలు, సైన్స్ ఫెయిర్లు, సంక్రాంతి, ఆ తర్వాత ప్రీ ఫైనల్, గ్రాండ్ టెస్ట్, చివరికి పబ్లిక్ పరీక్షలు అన్నీ ఈ ఐదు నెలల్లోనే వచ్చి పడతాయి. వీటి సంగతి తల్లిదండ్రులకు చెప్పడం లేదని ఏ బడినీ తప్పుపట్టలేం. దాదాపు ప్రతి తరగతికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, వచ్చిన ప్రతి ఉత్తర్వూ అందులోకి చేరుతోంది. అయితే ఆ కబురు విన్న తర్వాత ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని చేసుకోవడానికి వ్యవధి మిగులుతోందా అని మాత్రం ఎవరూ లెక్క చూడడం లేదు. బడి ఇచ్చే సమాచారం బాగుందో లేదో తేల్చడానికి నాకు కనిపించే కొలమానం ఈ వ్యవధే.

కబురు నడిచే దారిని చూస్తే ఆలస్యం ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది. రాష్ట్ర కార్యాలయంలో తయారైన ఉత్తర్వు జిల్లా విద్యాశాఖాధికారికి, అక్కడి నుంచి మండల విద్యాశాఖాధికారికి, ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడికి, ఆయన నుంచి తరగతి ఉపాధ్యాయుడికి చేరి, సాయంత్రం ఏ ఆరింటికో ఏడింటికో ఇంగ్లీషులో ఉన్న పీడీఎఫ్‌గా తల్లిదండ్రుల గ్రూపులో పడుతుంది. అందులో అసలు తేదీ మూడో పేరాలో ఉంటుంది. ఆ ఫోను చాలా ఇళ్లలో ఒక్కటే. అది తండ్రి జేబులో ఉంటుంది, ఆ తండ్రి అప్పటికి అలిపిరి దగ్గర టాక్సీలోనో, పలమనేరు మార్కెట్లో కూరగాయల బస్తాల మధ్యనో, బెంగళూరు నుంచి కుప్పం తిరిగొచ్చే రైలులోనో ఉంటాడు. శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్న తల్లి రాత్రి ఇంటికి వచ్చి చూసేసరికి ఆ సందేశం కింద పుట్టినరోజు శుభాకాంక్షలు, దేవుడి బొమ్మలు పదుల సంఖ్యలో చేరి ఉంటాయి. ఇన్ని అడ్డంకులు దాటి వచ్చిన కబురును సకాలంలో అందుకోలేకపోయిన తల్లిదండ్రులకు పిల్లల చదువు పట్టదని తీర్పు చెప్పడం అన్యాయం.

అన్ని కబుర్లకూ ఒకే వ్యవధి చాలదు. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, సంగతి తీసుకుందాం. ఫీజు సాధారణ విద్యార్థికి అన్ని సబ్జెక్టులకూ కలిపి 125 రూపాయలు. గడువు దాటితే అపరాధ రుసుము 50, ఆ తర్వాత 200, చివరికి 500 రూపాయలు. పెద్ద మొత్తం కాదు గనుక ఇంట్లో దాన్ని ఫీజు విషయంగానే తీసుకుని, డబ్బు పంపి మరిచిపోతారు. కానీ ఆ వారాల్లోనే విద్యార్థి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, ఫొటో, సంతకం నమోదవుతాయి. ఆ వివరాలే రేపు పదో తరగతి ధ్రువపత్రంలోకి ఎక్కుతాయి, ఆ పత్రమే పాస్‌పోర్టు నుంచి ఉద్యోగం దాకా పుట్టిన తేదీకి రుజువవుతుంది. మన జిల్లాల్లో ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే కుటుంబాల్లో ఇంటిపేరు వాడే అలవాటు లేదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే పిల్లల పేరు ముందు చేరుతుంది. అదే పేరు ఆధార్‌లో ఒకలా, బడి రిజిస్టరులో ఇంకోలా, అపార్ (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య) నమోదులో మరోలా ఉండడం అక్కడ మామూలే. దీన్ని సరిచేయాలంటే జనన ధ్రువపత్రం వెతకాలి, ఆధార్ కేంద్రానికి వెళ్లాలి, అవసరమైతే ఊళ్లోని సచివాలయం చుట్టూ తిరగాలి, అంటే తల్లో తండ్రో కనీసం రెండు మూడు రోజుల కూలి వదులుకోవాలి. ఈ పనికి నెల రోజుల ముందే కబురు కావాలి. 'రేపు సాయంత్రంలోగా వివరాలు సరిచూసుకోండి' అని గ్రూపులో పెట్టిన సందేశం వల్ల బడికి బాధ్యత తీరినట్టు కనిపించవచ్చు గానీ, తప్పు అలాగే ధ్రువపత్రంలోకి వెళ్తుంది. తర్వాత దాన్ని దిద్దించుకోవడానికి పరీక్షల విభాగం దాకా దరఖాస్తు నడవాలి.

2025 జనవరి 30న ప్రభుత్వం ప్రారంభించిన మన మిత్ర వాట్సాప్ సేవ ద్వారా ఇప్పుడు హాల్ టికెట్లు నేరుగా ఫోనుకే వస్తున్నాయి. మెచ్చుకోదగిన మార్పే. కానీ మార్చి మొదట్లో హాల్ టికెట్ తెరిచి చూసి పేరులో తప్పు గుర్తించిన కుటుంబానికి అప్పుడు మిగిలేది ఆందోళన మాత్రమే. నామినల్ రోల్ ముద్రిత ప్రతిని నవంబరులోనే ఇంటికి పంపి, చదవలేని తల్లిదండ్రులకు పిల్లల చేతే బిగ్గరగా చదివించి, సంతకమో వేలిముద్రో తీసుకుని వెనక్కి తెప్పించుకునే ప్రధానోపాధ్యాయులు ఉన్నారు. ఈ పని కొందరి శ్రద్ధకు వదిలేయకుండా రెండు జిల్లాల్లోనూ తప్పనిసరి చేయాలి.

ఎనిమిదో తరగతి పిల్లలకు సాధారణంగా డిసెంబరులో జరిగే జాతీయ ఉపకార వేతన పరీక్ష, అందరూ ఎన్ఎంఎంఎస్ అని పిలిచేది, ఇంతకన్నా ముందుగా చెప్పాల్సిన విషయం. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లపాటు వస్తుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే, కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటని పిల్లలు అర్హులు. ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోవడానికీ, మేధాశక్తి పరీక్షకు తర్ఫీదు పొందడానికీ నెలలు పడుతుంది గనుక, పరీక్ష చలికాలంలో ఉన్నా కబురు ఆగస్టులోనే ఇంటికి చేరి ఉండాలి. ఎంపికైన పిల్లలు ఏటా పోర్టల్‌లో నవీకరణ చేసుకోకపోతే డబ్బు ఆగిపోతుందన్న మాట కూడా మొదటి రోజే తల్లిదండ్రుల చెవిన పడాలి.

తుపాను సెలవులకు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ వ్యవధి గంటల్లో ఉంటుంది, ఉండక తప్పదు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లన్నీ బిక్కుబిక్కుమన్న రోజులు ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. 2022 డిసెంబరులో మాండూస్, 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడూ ఇదే అనుభవం. చెరువులు మొరవ పోయి కల్వర్టుల మీద నీళ్లు పారుతున్న ఊళ్లలో పిల్లలు ఏడింటికల్లా బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేస్తారు, కాబట్టి ఆ తర్వాత వచ్చే సెలవు ప్రకటన వారికి అక్కరకు రాదు. దానికి తోడు పాత సంవత్సరాల ప్రకటనలు తేదీ కత్తిరించి తిరగడం వల్ల నిజమేదో అబద్ధమేదో తెలియని పరిస్థితి ఉంది. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ముందురోజే వస్తోంది కనుక, కలెక్టర్ల నిర్ణయం రాత్రి తొమ్మిదిలోపు వెలువడడం అసాధ్యమేమీ కాదు. బడి వైపు నుంచి కూడా ఒక కట్టుబాటు కావాలి: సెలవైనా, సెలవు కాకపోయినా, ప్రధానోపాధ్యాయుడి గొంతుతో ఒక్క శబ్ద సందేశం ఒక నిర్ణీత సమయానికి రావాలి. 'రేపు బడి ఉంది' అన్న కబురు కూడా ఆ రాత్రి ఇంటికి కావలసిందే.

వాన సెలవుల ప్రభావం సంక్రాంతి దాకా సాగుతుంది. 2024 డిసెంబరులో, వానలకు పోయిన పనిదినాలను భర్తీ చేయడానికి సంక్రాంతి సెలవులు కుదిస్తారన్న ప్రచారం జోరుగా నడిచింది. చివరకు 2025 జనవరి 10 నుంచి 19 వరకు సెలవులేనని విద్యాశాఖ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. పండక్కి సొంతూరికి పోవాలనుకునే కుటుంబం బస్సు టికెట్లు వారాల ముందే తీసుకుంటుంది. పదో తరగతికి ఇటీవలి సంవత్సరాల్లో డిసెంబరు నుంచి వంద రోజుల కార్యాచరణ ప్రణాళిక నడుపుతున్నారు, స్లిప్ టెస్టులు, అదనపు తరగతులు అందులో భాగం. ఈ ప్రణాళిక ప్రకారం పండగ సెలవుల్లో ఏ రోజుల్లో బడి ఉంటుందో, ఏ రోజుల్లో ఉండదో డిసెంబరు మొదటి వారంలో చెబితే, కనుమనాడు రంగంపేట పశువుల పండగ చూసి మర్నాడు తరగతికి రావడం కూడా పిల్లవాడికి సాధ్యమే. భోగికి రెండు రోజుల ముందు చెబితే, ఇంట్లో పండగా బడిలో తరగతీ రెండూ చెడతాయి, మధ్యలో పిల్లవాడు మాటలు పడతాడు.

తిరుపతి నగరానికి ఇంకో సంగతి ఉంది. వైకుంఠ ఏకాదశి, ఇంగ్లీషు సంవత్సరాది, సంక్రాంతి కలిసి వచ్చే ఆ మూడు నాలుగు వారాల్లో లాడ్జీల్లో, హోటళ్లలో పనిచేసేవారికీ, ఆటోలు, టాక్సీలు నడిపేవారికీ, పూలు అమ్ముకునేవారికీ ఏడాదిలో నాలుగు రూపాయలు కళ్లజూసే రోజులవే. ఆ వారాల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టి ఎవరూ రాలేదని బాధపడడం కన్నా, నగరంలోని బడులు తమ సమావేశాన్ని నవంబరు చివరికో జనవరి మూడో వారానికో మార్చుకోవడం మేలు. ఎవరు ఎప్పుడు ఖాళీగా ఉంటారో బడికి తెలియాలంటే, అడగాలి. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలుండాలి. ఈ విషయాలు అడగడానికి అంతకన్నా తగిన వేదిక లేదు, కానీ ఆ కమిటీ సమావేశాల్లో భోజనం, మరుగుదొడ్లు, మరమ్మతుల గురించి జరిగినంత చర్చ కాలపట్టిక గురించి జరగదు.

చదువేతర కార్యక్రమాల దగ్గర నష్టం కళ్లకు కనిపించదు, అందుకే దాని గురించి ఎక్కువగా చెప్పాలనిపిస్తోంది. నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు, డిసెంబరు 22న గణిత దినోత్సవం, గణతంత్ర దినోత్సవ రిహార్సళ్లు, అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి ప్రయాణం, జనవరిలో సూళ్లూరుపేట ఫ్లెమింగో పండగకు, నేలపట్టు పక్షుల కేంద్రానికి పిల్లల్ని తీసుకెళ్లడం, మండల, జిల్లా స్థాయి ఆటల పోటీలు ఈ కాలంలో ఉంటాయి. కబురు ఆలస్యమైనప్పుడు ఇక్కడ ముందుగా ఆగిపోయేది ఆడపిల్లలు. 'రేపు కబడ్డీ పోటీలకు చిత్తూరు పోతున్నాం' అని కూతురు రాత్రి చెబితే, వెంట ఏ మేడమ్ వస్తున్నారు, రాత్రి ఎక్కడ ఉంచుతారు, తిరిగి ఎన్ని గంటలకు వస్తారు, బస్సు దిగాక ఊళ్లోకి ఎలా రావాలి అన్న ప్రశ్నలకు ఆ రాత్రి జవాబు చెప్పేవారుండరు. తండ్రి వద్దంటాడు. ఆ వద్దనడంలో ఆడపిల్లకు ఆటలెందుకన్న పాత ఆలోచన కొన్ని ఇళ్లలో ఉందన్నది నిజమే. అయినా చాలా ఇళ్లలో అది జవాబు దొరకని భయం. అదే కబురు పది రోజుల ముందు, వెంట వచ్చే ఉపాధ్యాయిని పేరుతో, తిరిగి వచ్చే సమయంతో చేరితే, ఆ తండ్రే బస్టాండు దాకా వచ్చి ఎక్కించి పోతాడు. కొడుకు విషయంలో ఈ ప్రశ్నలు పుట్టవు గనుక జట్టులో వాడు ఉంటాడు. పోటీలకు వెళ్లిన పిల్లల జాబితాల్లో కనిపించే తేడాకు ప్రతిభే కారణమనుకుంటే, ఈ ఆగిపోయిన పిల్లల సంగతి ఎప్పటికీ తెలియదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం జరిగింది, 2025 జులై 10న మరొకటి జరిగింది. ఎన్నడూ బడి గడప తొక్కని తండ్రులు కూడా వచ్చారు, అది చిన్న విషయం కాదు. కానీ వేదిక, ముగ్గులపోటీ, ప్రసంగాలు, భోజనం అయ్యాక, మా పిల్లకు ఏ సబ్జెక్టులో ఏం ఇబ్బంది అని ఒక తల్లి అడిగి జవాబు వినడానికి ఎన్ని నిమిషాలు మిగులుతున్నాయో ఆలోచించాలి. డిసెంబరులో జరిగే సమావేశంలో ఆ తర్వాతి మూడు నెలల తేదీల కాగితం ప్రతి ఇంటికీ ఇచ్చి పంపితే, వచ్చినవారి ఒకరోజు కూలికి తగిన ఫలం దక్కుతుంది.

దీనికి ఉపాధ్యాయుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం బలమైనదే. ఇప్పటికే యాప్‌లలో హాజరు, భోజనం, మార్కులు నమోదు చేయడంతో బోధన సమయం తగ్గుతోంది, దీని మీద ఇంకో పని ఎందుకు అంటారు. పైగా తేదీలు తమ చేతిలో లేవంటారు. రెండో మాట నూటికి నూరుపాళ్లు నిజం కాబట్టే అసలు బాధ్యత పైనుంచి మొదలవ్వాలి. ఆ పని చేయగలమని శాఖే నిరూపించింది: 2025 మార్చి 17న మొదలైన పదో తరగతి పరీక్షల కాలపట్టిక 2024 డిసెంబరులోనే వచ్చింది, 2026 మార్చి పరీక్షలది 2025 నవంబరులోనే వెలువడింది. మూడు నెలల తర్వాత జరిగే పబ్లిక్ పరీక్షకు ఇంత ముందుచూపు చూపగలిగినవారు, సమ్మెటివ్ పరీక్షలో ఏ తరగతికి ఏ పూట అన్నది చివరి వారం దాకా తేల్చకపోవడానికి కారణం కనిపించదు. మార్పుకు అవకాశముంటే 'మారవచ్చు' అని రాసే ప్రకటించవచ్చు. ఇక పనిభారం విషయానికొస్తే, ఒక్క కాగితం ముందుగా పంపితే, గడువు రోజుల్లో ఇంటింటికీ ఫోన్లు చేసే పని తగ్గుతుంది. ఆ ఫోన్లు చేసేది కూడా ఉపాధ్యాయులే.

ఆ కాగితం ఎలా ఉండాలన్నదాని మీద పెద్ద చర్చ అక్కరలేదు. ఒకే పుట, పెద్ద అక్షరాల తెలుగు, తమిళం మాట్లాడే ఊళ్లలో వెనక వైపు తమిళం, ఉర్దూ మాధ్యమం బడుల్లో ఉర్దూ. ప్రతి తేదీ పక్కన ఆ రోజుకు ఇంట్లోవాళ్లు ఏం సిద్ధం చేయాలో ఒక్క వాక్యం. నవంబరు మొదటి వారంలో తల్లి చేతికి చేరాలి, దాని కింది ముక్క సంతకంతో బడికి తిరిగి రావాలి. ముక్క తిరిగి రాని ఇళ్లు ఏవో చూసుకుంటే ఫోను ఎవరికి చేయాలో తెలిసిపోతుంది. సంక్షేమ వసతిగృహాల్లో, కస్తూరిబా విద్యాలయాల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ కాగితం చాలాసార్లు అసలే అందదు, ఎందుకంటే బడి వార్డెన్‌కు చెప్పి ఇంటికి చెప్పినట్టే భావిస్తుంది. వారికి కాగితాన్ని తపాలాలో పంపాలి, లేదా దసరా సెలవులకు ఇంటికి వెళ్లే పిల్లల చేతికే ముందుగా ఇవ్వాలి.

ఫిబ్రవరి చివర్లో ఇంకొక కబురు మిగులుతుంది: పరీక్ష కేంద్రం ఎక్కడ, అక్కడికి ఏ బస్సు ఎన్ని గంటలకు, హాల్ టికెట్ చూపితే పల్లెవెలుగు బస్సులో ఉచితంగా వెళ్లవచ్చన్న సంగతి. కేంద్రం సొంత బడిలో కాకుండా పది పదిహేను కిలోమీటర్ల అవతల పడిన పిల్లలకు, ఉదయం తొమ్మిదిన్నరకు పరీక్ష మొదలయ్యేలోపు చేరేలా ఊరి నుంచి బస్సు ఉందో లేదో ముందే చూసి, లేకపోతే డిపో మేనేజరుకు పేర్లతో సహా రాయడానికి కనీసం రెండు వారాలు కావాలి. జిల్లా విద్యాశాఖ, ఆర్టీసీ కలిసి ఆ పని ఫిబ్రవరి పదిహేనులోగా పూర్తిచేసి, బస్సు వేళలను హాల్ టికెట్‌తో పాటే ఇంటికి పంపాలి.