టీనేజ్ పిల్లలకు నవలలు ఇవ్వొద్దన్న ఆ మెసేజ్‌కు జవాబు

బెజవాడ, గుంటూరు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా పిల్లలకు నవలలు ఇస్తే మార్కులు పోతాయట. ఇవ్వక తప్పకపోతే గొప్ప క్లాసిక్సే ఇవ్వాలట, ఎందుకంటే టీనేజ్ నవలలన్నీ ప్రేమ గోలేనట. తెలుగులో ఎలాగూ ఆ వయసుకు పుస్తకాల్లేవట. పిల్లల చేతికి ఒక పుస్తకం ఇద్దామనుకున్నవాళ్లు కూడా ఇది చదివి వెనకాడుతున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాం.

ముందు మార్కులు. నిమిషానికి 150 మాటలు చదివే పిల్లాడు 20 నిమిషాల్లో 3,000 మాటలు చదువుతాడు. పేజీకి 250 మాటల చొప్పున అది 12 పేజీలు. అంటే రోజూ 20 నిమిషాలు చదివితే 200 పేజీల నవల 17 రోజుల్లో అయిపోతుంది. పడుకోబోయే ముందు ఫోన్‌కు పోయే సమయమే ఇది, స్టడీ అవర్ కాదు. ఇంగ్లిష్ పేపర్లో ఎన్నడూ చూడని పేరా ఇచ్చి ప్రశ్నలడిగినప్పుడు అక్కరకొచ్చేది కూడా ఈ అలవాటే. ఒక్క జాగ్రత్త చాలు: పరీక్షల వారంలో కొత్త పుస్తకం మొదలుపెట్టనివ్వకండి. సస్పెన్స్ నవలైతే అసలే వద్దు, తెల్లవార్లూ కూర్చుంటారు.

క్లాసిక్స్‌తోనే మొదలెట్టాలన్నది ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసే మాట. పదమూడేళ్ల పిల్ల చేతిలో సన్నక్షరాల 600 పేజీల పుస్తకం పెడితే ముప్ఫయ్యో పేజీ దగ్గర ఆగిపోతుంది. ఆ పుస్తకం కష్టమని అనుకోదు, చదవడం తనకు చేతకాదని అనుకుంటుంది. కొనేముందు షాపులోనే ఒక పరీక్ష పెట్టండి. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవమని, తెలియని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ పూర్తయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకానికి ఇంకో ఏడాది ఆగాలి. రెండు మూడు వేళ్లయితే సరిగ్గా సరిపోతుంది. ఇంటికి తెచ్చాక 50 పేజీలు చదివినా రుచించకపోతే పక్కన పెట్టేయనివ్వండి, డబ్బు దండగైందని దెప్పకండి. "కథంతా చెప్పు, ఇందులో నీతేంటి?" అని అడిగారో, అది ఇంకో హోంవర్క్ అయిపోతుంది. "ఎందాకా వచ్చావు?" అంటే చాలు, వాళ్లే చెబుతారు.

ఇక ప్రేమ గోల. లూయిస్ సాకర్ 1998లో రాసిన 'హోల్స్' తీసుకోండి. చేయని దొంగతనానికి శిక్షపడిన స్టాన్లీ ఎండిపోయిన చెరువులో రోజుకో గొయ్యి తవ్వాలి: ఐదడుగుల లోతు, ఐదడుగుల వెడల్పు. చేతిలోని పార పొడవే కొలత. కథ 50 చిన్న అధ్యాయాల్లో సాగుతుంది, ఇంగ్లిష్ సరళం. తెలుగు మీడియం పిల్లలకు మొదటి ఇంగ్లిష్ నవలగా ఇంతకన్నా మంచిది దొరకడం కష్టం. లోయిస్ లోరీ 1993లో రాసిన 'ది గివర్'లో పన్నెండేళ్ల జోనస్ రంగులు కూడా లేని ఊళ్లో పెరుగుతాడు. దాన్ని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇవ్వొచ్చు. ప్రేమ కథలూ ఉన్నాయి, కాదనం. అనుమానముంటే మొదటి రెండు అధ్యాయాలు మీరు చదివి ఇవ్వండి.

తెలుగులో లేవన్నది పొరపాటు. షాపుల్లో టీనేజ్ అని పేరు రాసిన అర లేదు, అంతే. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం ఇవ్వండి. ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరిన మొగల్తూరు కుర్రాడు ఏ పదిహేనేళ్ల వాడినైనా నవ్విస్తాడు. భాష పాతది, కాబట్టి మొదటి ఇరవై పేజీలు మీరే పైకి చదివి వినిపించండి. మూడు భాగాలూ ఒకేసారి కొనకండి. మద్దెల కోసం దుంగ వెతుక్కుంటూ అడవికెళ్లి బానిసల వేటగాళ్లకు పట్టుబడిన ఆఫ్రికా కుర్రాడు కుంటా కింటే కథ 'ఏడు తరాలు' (అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి తెలుగు అనువాదం) పదో తరగతి దాటినవాళ్లకు బాగుంటుంది. అందులో హింస ఉంది, చిన్నవాళ్లకు వద్దు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' కూడా ఆ వయసుకే. నవల పట్టని పిల్లలకైతే సత్యం శంకరమంచి 'అమరావతి కథలు': కథలు వంద, రోజుకొకటి చాలు.

బెజవాడలో ఏలూరు రోడ్డు షాపుల్లో, జనవరి పుస్తక మహోత్సవంలో వెతకండి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనేటప్పుడు మాత్రం పేజీ నంబర్లు చూసుకోవాలి. పుస్తకాలు ఎక్కువగా 16 పేజీల కట్టలుగా అచ్చవుతాయి, ఒక్కో కట్టను ఫారం అంటారు. నాసిరకం కాపీల్లో ఒక ఫారం ఎగిరిపోవడమో, రెండుసార్లు పడటమో జరుగుతుంది. 48 తర్వాత 65 వచ్చిందంటే మధ్యలో ఒక ఫారం లేనట్టే, కథ అక్కడే తెగిపోతుంది. వరస నవలైతే మొదటి భాగం దొరికాకే రెండోది తీసుకోండి.